డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

హైదరాబాదు నగరమున పడమటి దిక్కున, కొండరాళ్ల నడుమ, జూబిలీ హిల్సు, ఫిల్ము నగరు అను ప్రాంతములు కలవు. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు అవి నిలయములు. వెలుగునీడలను పట్టి మనుష్యుల రూపములను తెరపై నిలుపుట అచ్చటి కళాకారుల వృత్తి. ఆ కొండమీదనే పెద్ద వైద్యశాలలును కలవు. వానిలో మఱియొక విధమైన చిత్రములను తీయు యంత్రములు పనిచేయుచున్నవి. రోగిని గొట్టమువంటి పెద్ద అయస్కాంతములో పరుండబెట్టి, కత్తి తాకకయే మెదడు లోపలి రూపమును చూపు ఆ యంత్రమునే ఎం.ఆర్.ఐ. యంత్రమని పిలుచుచున్నారు.

చిత్రము వేఱు, కొలత వేఱు. తెరమీద విందు దృశ్యమును చూచినంతమాత్రమున వంటలో ఉప్పు ఎంత పడినదో తెలియదు. అట్లే మెదడు ఆకారమును చూచినంతమాత్రమున దానిలో ఏ ద్రవ్యము ఎంత కలదో తెలియదు. మన తలపులును, జ్ఞాపకములును, నిద్రయు, భయమును నాడీకణముల నడుమ వార్తలను మోయు కొన్ని ద్రవ్యములపై ఆధారపడియున్నవి. వానిని నాడీ ప్రసారకములందురు. వానిని బ్రతికియున్న మనుష్యుని మెదడులో నమ్మదగినట్లుగా కొలుచుట ఎట్లు? నేటి శాస్త్రజ్ఞులకు ఇది గొప్ప సమస్య. ఈ ప్రయత్నమున వారికి కొలబద్దగా ఉపయోగపడుచున్న పదార్థములలో ఒకదాని మర్మమును దాదాపు నూఱేండ్లకు పూర్వము వెల్లడించినవాడు ఒక తెలుగువాడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి సీమలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి చిన్న ప్రభుత్వోద్యోగి. ఆయన అనారోగ్యమువలన ఉద్యోగమును విడువవలసివచ్చుటచే కుటుంబమునకు ఇబ్బందులు కలిగెను. ఇంట పిల్లలు పెక్కుమంది, ఆదాయము తక్కువ. బాలుడైన సుబ్బారావునకు చదువుపై మనస్సు నిలువలేదు. పదమూడవ యేట అతడు ఇల్లు విడిచి, కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని తలచెను. తల్లి యీ సంగతి తెలిసికొని అతనిని వెనుకకు తెచ్చి మరల బడిలో చేర్చెను. ఆమె పట్టుదలయే లేనిచో ఈ కథ అచ్చటనే ముగిసియుండెడిది.

రాజమహేంద్రవరమున చదివిన చదువు సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ పర్యాయము చెన్నపట్టణమునందలి హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. ఆ దినములలో రామకృష్ణ మఠమువారి సేవ ఆయనను ఆకర్షించెను. సన్న్యసింపవలెనని కోరెను, తల్లి యందుల కంగీకరింపలేదు. వైద్యము నేర్చి రోగులకు సేవ చేయుటయు ధర్మమేయని పెద్దలు బోధింపగా, 1915లో మద్రాసు వైద్యకళాశాలలో చేరెను.

ఆ కాలముననే ఇంట పిడుగు పడెను. స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులలో ఇరువురిని బలిగొనెను. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, రోగి నానాటికి కృశించుట ఆ వ్యాధి స్వభావము. వైద్యవిద్యార్థియైన సుబ్బారావు ఏమియు చేయలేకపోయెను. ఆ వ్యాధికి కారణమేమో, మందేమో నాటి వైద్యులకును తెలియదు. ఈ నిస్సహాయత ఆయన హృదయమున ముల్లువలె నాటుకొనెను. రోగుల మంచములప్రక్కగాక, రోగకారణమును వెదకు ప్రయోగశాలలో తన పని కలదని ఆయనకు తోచెను.

కళాశాలలో మఱియొక చిక్కు వచ్చెను. దేశమున స్వాతంత్ర్యోద్యమము చెలరేగుచుండెను. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స గదిలోనికి పోయెను. శస్త్రవైద్యశాస్త్రమును బోధించు ఆంగ్ల ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలు చక్కగా వ్రాసినను, తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో చేరు దారి మూసికొనిపోయెను. ఆయన చెన్నపట్టణములోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపెను.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమయ్యెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పాటును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయమును లభింపగా, 1922 అక్టోబరు మాసమున ఆయన అమెరికాదేశమున బోస్టను నగరమున అడుగు పెట్టెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశముల వ్యాధులను గూర్చి చదువుట ఆయన సంకల్పము. చేతిలో ధనము స్వల్పము. పగలు చదువుకొనుచు, రాత్రులయందు ఒక వైద్యశాలలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచు పని చేసెను. వైద్యపట్టము పొందినవాడనను అహంకారము ఆయనకు అడ్డు రాలేదు.

పిమ్మట ఆయన హార్వర్డులోనే జీవరసాయన శాఖయందు ఆచార్య సైరసు ఫిస్కి వద్ద పరిశోధకుడుగా చేరెను. ఆయనకు అప్పగింపబడిన పని చూచుటకు చిన్నది. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత కలదో కొలుచుటకు మంచి పద్ధతిని కనుగొనవలెను. ఎముకల వ్యాధులను, మూత్రపిండముల వ్యాధులను గుర్తించుటకు ఈ కొలత అవసరము. అంతకుముందును పద్ధతులు లేకపోలేదు. కాని వానిలో రంగు నెమ్మదిగా వచ్చుచుండెను. ఇతర ద్రవ్యములు కలసినచో లెక్క తప్పుచుండెను. ఒకే రక్తమును రెండుసార్లు కొలిచిన రెండు లెక్కలు వచ్చునెడల, ఆ కొలతవలన వైద్యునకు ఏమి ప్రయోజనము?

ఫిస్కి, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పద్ధతిని ఇట్లు తెలిసికొనవచ్చును. మొదట రక్తమునందలి మాంసకృత్తులను ఆమ్లముచే విఱుగగొట్టి వడకట్టెదరు. వడకట్టిన ద్రవములో మాలిబ్డినము అను లోహముయొక్క లవణమును కలిపినచో అది ఫాస్ఫేటుతో చేరును. అందు తగిన క్షయకరణ ద్రవ్యమును వేసినంతనే నీలవర్ణము కలుగును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా నున్న నీలిరంగు అంత ముదురుగా నుండును. అటుపిమ్మట కలోరిమీటరు అను పరికరములో ఒక పాత్రయందు ఈ ద్రవమును, రెండవదానియందు భాస్వరపు మొత్తము ముందే తెలిసిన ద్రవమును ఉంచి, రెండు రంగులును కంటికి సమానమగువఱకు ద్రవముల లోతును మార్చెదరు. ఆ లోతుల నిష్పత్తినిబట్టి తెలియనిదాని లెక్క తేలును. తెలిసినదానితో తెలియనిదానిని పోల్చుట ఇందలి కీలకము. ఈ పద్ధతి త్వరితమైనది, నమ్మదగినది యగుటచే ప్రపంచమందంతటను వ్యాపించెను. నేటికిని జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఫిస్కి-సుబ్బారావు పద్ధతియని దానిని నేర్చుకొనుచున్నారు.

అయితే అసలైన పరీక్ష అటుపిమ్మట వచ్చెను. రక్తములోని భాస్వరమును కొలుచునపుడు నీలిరంగు కొద్ది నిముషములలోనే పూర్తిగా ఏర్పడుచుండెను. కండరమునుండి తీసిన ద్రవములో అట్లు కాలేదు. రంగు కొంత వచ్చి, మఱికొంతసేపటికి ఇంకను ముదురుచుండెను. ఇప్పుడు కొలిచిన ఒక లెక్క; కొంత ఆగి కొలిచిన మఱియొక లెక్క. మఱియొకరైనచో పద్ధతిలో స్వల్పదోషమని తలచి, ఏదో యొక నిముషమును నియమముగా పెట్టుకొని ఊరకుండెడివారేమో. ఫిస్కి, సుబ్బారావులు అట్లు చేయలేదు. రంగు ఆలస్యమగుటకు కారణమేమని వారు ప్రశ్నించిరి.

విచారింపగా ఒక వింత బయటపడెను. కండరమునందు ఫాస్ఫేటు అంతయు విడిగా లేదు. దానిలో ఎక్కువభాగము క్రియాటిన్ అను పదార్థముతో జతగూడియున్నది. కొలుచుటకు వేసిన ఆమ్లద్రవమే ఆ జతను మెల్లమెల్లగా విడదీయుచున్నది. విడిపోయిన కొలది ఫాస్ఫేటు బయటపడి రంగు పెరుగుచున్నది. అనగా కొలుచు పనియే కొలువబడు పదార్థమును నాశనము చేయుచుండెనన్నమాట. అంతకుముందు కండరములో విడి ఫాస్ఫేటుగా పండితులు లెక్కించినదానిలో చాలభాగము నిజముగా ఈ జంట పదార్థమే. దీనికే ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. ఈ సంగతిని వారు 1927లో లోకమునకు తెలిపిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగుల్టను దంపతులును ఇట్టి పదార్థమును వేఱుగా గుర్తించిరి.

ఈ ఆవిష్కారము కండరముల పనిని గూర్చిన భావములను మార్చివేసెను. లాక్టికామ్లమువలన కండరము ముడుచుకొనుచున్నదని ఆనాటి పండితుల నమ్మకము. ఆ విషయమై కృషి చేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. కండరము పనిచేయునపుడు ఫాస్ఫోక్రియాటిన్ తఱుగుననియు, విశ్రమించునపుడు మరల కూడుననియు తెలిసినతోడనే ఆ సిద్ధాంతమును పునర్విచారింపవలసివచ్చెను. 1929లో ఫిస్కి, సుబ్బారావులు కండరమునుండి మఱియొక భాస్వర పదార్థమును వేఱుచేసిరి. అదే ఎ.టి.పి. జర్మనీలో లోమన్ కూడ ఆ యేడే దానిని కనుగొనెను. ప్రాణికోటియందలి ప్రతి కణమును ఖర్చు పెట్టు నాణెమువంటిది ఎ.టి.పి.; అవసరమునకు దాచియుంచిన నిలువధనమువంటిది ఫాస్ఫోక్రియాటిన్. కండరమునందేగాక మెదడునందును ఈ రెండును కలవు. మనిషి బరువులో మెదడు నూటికి రెండు వంతులే. అయినను విశ్రాంతిగా నున్నపుడు దేహము ఖర్చు పెట్టు శక్తిలో నూటికి సుమారు ఇరువది వంతులు అదే గైకొనును.

1930లో సుబ్బారావునకు డాక్టరేటు పట్టము లభించెను. కాని హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనతికాలముననే పరిశోధనాధిపతియయ్యెను. ఆయన నాయకత్వమున శాస్త్రజ్ఞులు 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. రక్తహీనతకేగాక, స్ప్రూ వ్యాధికిని అది మందుగా పనిచేసెను. సోదరుల మరణశయ్యలవద్ద కలిగిన ప్రశ్నకు ఇట్లు సమాధానము లభించెను. ఫోలికామ్లమునకు విరోధిగా పనిచేయు అమినాప్టెరిన్ అను మందును ఆయన బృందమే సమకూర్చెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు ఇచ్చి చూడగా, 10 మందికి కొంతకాలము గుణము కనిపించెనని 1948లో ప్రకటించెను. దాని జాతికి చెందిన మెథోట్రెక్సేటును నేటికిని వైద్యులు వాడుచున్నారు. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ అను మందును, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకమును ఆయన పర్యవేక్షణమున వెలువడినవే.

ఇన్ని ఘనకార్యములు చేసినను ఆయన సభలకు, సన్మానములకు దూరముగా నుండెను. పేరు పైకి రాకున్నను పని జరిగిన చాలునని తలచెను. విడిచి వచ్చిన మాతృదేశమును మరల చూడలేదు. అత్తవారింట నిలిచిన శేషగిరికి భర్తను తిరిగి చూచు భాగ్యము కలుగలేదు. 1948వ సంవత్సరము ఆగస్టు మాసమున, తన ఏబదిమూడవ యేట, ఆయన గుండెజబ్బుచే నిద్రలోనే కన్నుమూసెను. 1995లో ఆయన శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్లను వెలువరించెను.

ఆయన గతించిన పిమ్మట ఆయన కృషి మఱియొక రూపమున సాగెను. సుబ్బారావు కండరమును కొలుచుటకు దానిని దేహమునుండి కోసి, ఆమ్లములో కరగింపవలసియుండెను. 1974లో ఆక్సుఫర్డు శాస్త్రజ్ఞులు ఎలుక కండరమును నలుగగొట్టక, ఆమ్లము తాకింపక, బలమైన అయస్కాంతములో నుంచిరి. అయస్కాంతములోని పరమాణు కేంద్రకములను రేడియో తరంగములతో కదలించినచో అవి మరల సూక్ష్మమైన సంకేతమును పంపును. ఏ పదార్థములో ఇమిడియున్న కేంద్రకమో, దానినిబట్టి ఆ సంకేతపు శ్రుతి కొంచెము మాఱును. ఆ రీతిగా భాస్వరపు శ్రుతులను వినగా, ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. పదార్థములు చెక్కుచెదరక కనిపించెను. తరువాతి కాలమున జీవించియున్న మనుష్యుల కండరములలోను, మెదడులోను వానిని చూడగలిగిరి.

ఇదే ఉపాయముతో హైడ్రోజను కేంద్రకముల శ్రుతులను విని, మెదడులోని గ్లూటమేటు, గాబా మొదలగు నాడీ ప్రసారకములను కొలుచుచున్నారు. నాడీకణములను ప్రేరేపించునది గ్లూటమేటు. వానిని శాంతింపజేయునది గాబా. ఈ కొలత సులభము కాదు. నీటి సంకేతముతో పోల్చిన గాబా సంకేతము వేల వంతులు తక్కువ. అంతేగాక, యంత్రమునందు గాబా శ్రుతి క్రియాటిన్ శ్రుతి క్రిందనే పడును. పెండ్లి ఊరేగింపులో డోలు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడనట్లే, క్రియాటిన్ మ్రోతలో గాబా మఱుగుపడిపోవును. అందుచేత శాస్త్రజ్ఞులు రెండుసార్లు కొలిచెదరు. ఒకసారి గాబాను మాత్రము తాకు తరంగమును అదనముగా పంపెదరు. ఒక లెక్కనుండి మఱియొకదానిని తీసివేయగా, రెండింటను సమానమైన క్రియాటిన్ తొలగిపోయి, మాఱిన గాబా మిగులును. ఈ నడుమ రోగి తల కదలినచో లెక్క తప్పును. ఇతర పదార్థముల సంకేతములును కొంత కలసిపోవుచుండును.

గాబాను మఱుగుపఱచు క్రియాటినే మఱియొక విధముగా తోడ్పడుచున్నది. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కలసి యిచ్చు బలమైన సంకేతమును కొలబద్దగా గైకొని, దానితో ఇతర ద్రవ్యములను పోల్చెదరు. తెలిసిన నీలిరంగుతో తెలియని నీలిరంగును పోల్చిన సుబ్బారావు పద్ధతికి ఇది దగ్గఱి చుట్టమే. కాని కొలబద్దయే పొట్టిదైనచో గుడ్డ పొడవు ఎక్కువగా కనబడును గదా! కొన్ని వ్యాధులలో క్రియాటిన్ కూడ మాఱవచ్చును. కావున నీటి సంకేతముతోను పోల్చి సరిచూచెదరు. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 24 కేంద్రములవారు తమ యంత్రములతో ఆరోగ్యవంతుల మెదడులలోని గాబాను కొలిచి, ఆ లెక్కలు ఎంతవఱకు సరిపోలుచున్నవో పరీక్షించిరి. యంత్రమును తయారుచేసిన సంస్థనుబట్టియు, కొలిచిన స్థలమునుబట్టియు కొంత భేదము కనబడెను. ఆ భేదమును దాచక ప్రకటించుటయే ఆ శాస్త్రజ్ఞుల నిజాయితీ. కొలత నమ్మదగినది కానిచో, ఆరోగ్యవంతుని రోగియనియు, రోగిని ఆరోగ్యవంతుడనియు భ్రమపడు ప్రమాదము కలదు.

బాలబాలికలారా! మీరు ప్రయోగశాలలో ఒక కొలతను రెండవసారి తీసినపుడు మొదటి లెక్కతో సరిపడకపోవచ్చును. రెండవదానిని చెరిపివేసి మొదటిదానినే వ్రాయుటకు మనస్సు పురికొల్పవచ్చును. అట్టి సమయమున బోస్టను నగరపు ప్రయోగశాలలో, నెమ్మదిగా ముదురుచున్న నీలిరంగును చూచుచు కూర్చున్న ఆ తెలుగు యువకుని తలచుకొనుడు. ఆ రంగు ఎందులకు ఆలస్యమగుచున్నదని ఆయన అడుగకున్నచో ఫాస్ఫోక్రియాటిన్ మఱుగుననే యుండెడిది. నేడు జూబిలీ హిల్సు కొండమీది వైద్యశాలలో ఒక రోగి కదలక మెదలక అయస్కాంతములో పరుండి తన మెదడు పరీక్ష ముగియుటకై ఎదురుచూచుచుండును. ఆ చీకటి గొట్టములో అతనికి అండగా నున్నవారిలో, మూడవ పర్యాయమునగాని మెట్రిక్యులేషను గట్టెక్కని భీమవరపు బాలుడును ఒకడు.